గుర్తులేదన్నాను

మార్చి 3, సోమవారం

ఇది పాప లెక్కల నోట్‌బుక్. వెనక సగం ఖాళీగా ఉంది. ఆఫీసులో రోజంతా అందరికీ జవాబులు చెప్పి, ఇంటికొచ్చాక ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేకపోతున్నాను. పని ఎక్కువైందని నోరు జారితే చాలు, "నా మూలంగానే కదా" అని తన కాళ్లవైపు చూసుకుంటారు. కడుతున్న బిల్డింగు పరంజా మీంచి ఆయన పడి రెండేళ్లయింది. ఇంకా ఆ చూపు అలవాటు కాలేదు నాకు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈ రోజు విదేశంలో ఉండే మా హెడ్ వీడియో మీటింగులో తెరమీద కనిపించాడు. వెనక కిటికీలోంచి చూస్తే అక్కడ ఇంకా తెల్లవారినట్టు లేదు. పద్నాలుగు దేశాల్లో ఉన్న మా కంపెనీ ఆఫీసులు, ఫ్యాక్టరీలు అన్నీ ఇక ఒకే లైను మీదికి రావాలట. ఫోను, వీడియో మీటింగు, మెసేజీ, అన్నిటికీ ఒకటే తీగ. మా ఫ్యాక్టరీ బాధ్యత నాది. మార్చి 31 కల్లా పాత ఫోన్లు రెండువందల పన్నెండూ పోయి కొత్తవి రావాలి. నెట్‌వర్క్ పెట్టెలేమో పాప పుట్టకముందువి.

వైర్‌మన్ అన్నతో చెబితే నవ్వాడు. "సైకిళ్లకి వేసిన రోడ్డు మీద లారీలు తోలమంటున్నారన్నమాట. తోలుదాంలే చెల్లెమ్మా."

అతను కాంట్రాక్టు మనిషి. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ తెలుసు. మా ఆయన చక్రాల కుర్చీలోకి వచ్చాక మా ఇంట్లో స్విచ్‌లన్నీ నడుము ఎత్తుకి దించిపెట్టింది అతనే.

మార్చి 6, గురువారం

కోల్డ్ స్టోర్ యంత్రాల గదికి వెళ్లాను. మా ఫ్యాక్టరీలో కూరగాయల్ని గడ్డకట్టించి సంచులకెత్తుతారు. ఆ చల్లదనానికి అమ్మోనియా గ్యాస్ వాడతారు. తలుపు దగ్గరికి వెళ్లేసరికే ముక్కులు మండాయి. ముప్ఫై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న పెద్దాయన్ని అందరూ ఐసు మామ అంటారు. గోడమీది ఎర్ర ఫోను విప్పి చూస్తుంటే పక్కనే నిలబడ్డాడు.

"ఇదేం పాపం చేసిందమ్మా?"

"పాతదైపోయింది మామా. కొత్తదానికి తెర కూడా ఉంటుంది."

"తెర నేనేం చేసుకుంటాను? దీన్ని ఎత్తితే చాలు, సేఫ్టీ రూమ్‌లో మోగుతుంది."

"కొత్తదాంతో కూడా మోగుతుంది. మూడు అయిదులు నొక్కితే చాలు. నువ్వు ఏ గదిలో ఉన్నావో వాళ్ల తెరమీద పడుతుంది. నోరు తెరిచి చెప్పక్కర్లేదు, ఫోను పట్టుకుని నిలబడితే వాళ్లే వస్తారు."

"నోరు తెరవకుండా పనులైపోతాయా! ఆ విద్యేదో మా ఆవిడకి నేర్పించు తల్లీ."

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 11, మంగళవారం

పెట్టెలు ఇంకా రాలేదు. హెడ్ మూడుసార్లు అడిగాడు.

మార్చి 14, శుక్రవారం

పాపకి జ్వరం నూట మూడు. సెలవు పెట్టే దారి లేదు, పెట్టకుండానే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆసుపత్రి వరండాలో రెండు గంటలు కూర్చున్నాం. పాప తల నా ఒళ్లో కాలిపోతోంది. అన్న నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నిచ్చెన ఎవరో పట్టుకుపోయారని ఒకసారి. తీగ చాలలేదని ఇంకోసారి. మూడోసారి కోల్డ్ స్టోర్ సంగతి. అక్కడి లైన్లో చెమ్మ చేరి పనిచేయడం లేదట. మూతపడిన పాత ప్యాకింగ్ హాల్ లైను ఆ గోడ వెనక నుంచే పోతోంది, దాన్ని ఇటు తిప్పేయనా అని అడిగాడు. తిప్పు, ఏ లైను ఏ గదిదో చూపించే జాబితాలో పేరు నేను మారుస్తాను అన్నాను. అప్పుడే పాప పేరు పిలిచారు. నాలుగో ఫోన్ ఎందుకు చేశాడో వినలేదు.

వైరల్ జ్వరమేనట. మూడు రోజులు.

మార్చి 20, గురువారం

మొదటి నుంచీ పీడిస్తున్న సమస్య తీరింది. పెద్ద పెద్ద ఫైళ్లు కదులుతున్నప్పుడు ఫోన్లో మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇప్పుడు మాటకి ముందు దారి ఇచ్చాను. ఏ ఫైలైనా సరే, మాట వస్తుంటే పక్కకి తప్పుకోవాల్సిందే. సముద్రాలకి అవతలున్న హెడ్ కుర్చీ కిర్రుమన్నా పక్కగదిలో ఉన్నట్టు వినపడింది. "మిగతా ఫ్యాక్టరీలకి కూడా మీ పద్ధతే పంపిస్తాను," అన్నాడు. ఎన్నాళ్లకి ఒక మంచి మాట! ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. పళ్లెంలో అన్నం చల్లారిపోయేదాకా విన్నారు.

మార్చి 30, ఆదివారం

ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి ఇవాళే మార్చేశాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం ఆరుకి ముగించాం. పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఆపినప్పుడు ఇన్నేళ్లూ ఉన్న గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. అన్న చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు, చెముడు వచ్చిందేమోనని.

మార్చి 31, సోమవారం

ప్రతి ఫోను దగ్గరికీ వెళ్లి, మూడు అయిదులు నొక్కి, సేఫ్టీ రూమ్ తెరమీద సరైన గది పేరు పడుతోందో లేదో చూసి టిక్కు పెట్టాలి. నాలుగున్నరకి నూట ఎనభై ఎనిమిది అయ్యాయి. అయిదుకి హెడ్‌కి నివేదిక వెళ్లాలి. మిగిలినవి ఇరవై నాలుగు. అన్నీ ఆవరణకి ఆ చివర ఉన్నవి. నూట ఎనభై ఎనిమిదీ సరిగ్గా ఉంటే ఇవి మాత్రం ఎందుకు తప్పుతాయి? కుర్చీలోనే టిక్కులు పెట్టేశాను. రేపు తీరిగ్గా వెళ్లి చూస్తాను.

ఏప్రిల్ 2, బుధవారం

కొత్త లైను వచ్చినందుకు ఆఫీసులో కేకు కోశారు. పాప కోసం ఒక ముక్క తెచ్చాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఐసు మామ పోయాడు.

ఏప్రిల్ 10, గురువారం

నిన్న మధ్యాహ్నం రెండూ నలభైకి నేను తెరమీద హెడ్‌కి గ్రాఫులు చూపిస్తున్నాను. సైరన్ మోగింది. సేఫ్టీ వాళ్లు ముసుగులు తగిలించుకుని పరుగెత్తారు. ఎటు? ఆవరణకి ఈ చివరున్న పాత ప్యాకింగ్ హాల్‌కి. తాళం వేసి ఉంటే బద్దలుకొట్టి లోపలంతా వెతికారు. ఎవరూ లేరు. బయటికొచ్చాక ఎవరో ఆవరణ ఆ చివర తెల్లటి అమ్మోనియా పొగ చూశారు. కోల్డ్ స్టోర్ యంత్రాల గదికి చేరేసరికి పదకొండు నిమిషాలు గడిచాయి. ఐసు మామ ఫోను కింద కూలబడి ఉన్నాడట. చేతిలో రిసీవర్ అలాగే ఉందట.

సేఫ్టీ రూమ్ డ్యూటీలో ఉన్నతను నా దగ్గరికొచ్చాడు.

"తెరమీద ప్యాకింగ్ హాల్ అని పడింది మేడమ్. 'ఎవరు, ఎవరు' అని అరుస్తూనే ఉన్నాను. అవతల మాట లేదు, దగ్గు తప్ప. ఒక్క దగ్గు కూడా తెగలేదు మేడమ్. పక్కనే ఉండి దగ్గుతున్నట్టు వినపడింది."

ఏప్రిల్ 11, శుక్రవారం

జాబితా తెరిచి చూశాను. ఆ లైను పక్కన "పాత ప్యాకింగ్ హాల్" అనే ఉంది. ఇప్పుడు మార్చితే ఎప్పుడు మార్చానో రికార్డవుతుంది. మార్చలేదు.

లైను తిప్పిన సంగతి నాకు తెలిసి ఉంటే పేరు మార్చకుండా ఉంటానా? ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క పొరపాటు లేదు. నా సంగతి నాకు తెలియదా?

ఏప్రిల్ 13, ఆదివారం

నోట్‌బుక్ కుట్టు ఊడిపోతోంది. మార్చి పేజీలన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేశాను.

ఏప్రిల్ 15, మంగళవారం

కంపెనీ వేసిన విచారణాధికారి నెమ్మదైన మనిషి. ప్రతి ప్రశ్నకీ ముందు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.

"లైను మార్చాలంటే ఫారం మీద మీ సంతకం ఉండాలి. ఫారం లేదు. ఫోన్లో మీకు చెప్పానంటున్నాడు వైర్‌మన్. ఆ రోజు మీ ఇద్దరి మధ్య నాలుగు కాల్స్ ఉన్నాయి. దేని గురించి?"

"రకరకాల పనులు. నిచ్చెన, తీగ..."

"కోల్డ్ స్టోర్ గురించి చెప్పాడా?"

అన్న అదే గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు అతన్ని. నేను తలెత్తలేదు.

"గుర్తులేదు," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. టిక్కుల గురించి కూడా అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఫారం లేకుండా లైను తిప్పడమే అసలు తప్పని తేలిపోయినట్టుంది వాళ్లకి.

ఏప్రిల్ 16, బుధవారం

చెప్పలేదు అనలేదు నేను. గుర్తులేదు అన్నాను. రెండూ వేరు.

ఏప్రిల్ 19, శనివారం

జ్వరంతో ఉన్న పిల్ల ఒళ్లో ఉంటే ఎవరికి మాత్రం ఏం గుర్తుంటుంది? నాకు ఉద్యోగం పోతే ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? ఆయనకి మందులు, పాపకి వచ్చే ఏడు పదో తరగతి. నా ఒక్కదాని కోసమైతే ఎప్పుడో... అసలు చెప్పడానికి ఏముంది? గుర్తులేదు కదా.

ఏప్రిల్ 24, గురువారం

కాంట్రాక్టరు అన్నని పనిలోంచి తీసేశాడు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని పోలీసులు అతని మీద కేసు రాశారు. రోజు విడిచి రోజు స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలట.

హెడ్ మెయిల్: "మన వ్యవస్థలో లోపం లేదని తేలడం ఊరట."

ఏప్రిల్ 28, సోమవారం

గుర్తులేదు.

మే 4, ఆదివారం

అన్న ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగింది. మా ఆయన కుర్చీ తిప్పుకుంటూ వెళ్లి టీ పెట్టుకొచ్చారు. అన్న గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"నిన్ను నిలదీయడానికి రాలేదు చెల్లెమ్మా. ఒక్కటి అడిగి పోదామని. నీకు ఫోన్ చేసి చెప్పానని, నువ్వు తిప్పమన్నావని నాకు అనిపిస్తోంది. నువ్వేమో గుర్తులేదంటున్నావు. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు. మరి నా బుర్రే చెడిందంటావా?"

"ఆ రోజంతా హడావుడి కదన్నా..."

"అదే, అదే అయ్యుంటుంది. చెప్దామనుకుని, చెప్పేశాననుకున్నానేమో. మా నాన్నకి కూడా నా వయసులోనే మొదలైంది. అన్నం తిని, ఇంకా తినలేదనేవాడు."

"అలా అనుకోకన్నా."

"మరేమనుకోను? ఒకళ్లకి గుర్తుండి ఒకళ్లకి గుర్తులేకపోతే, బుర్ర బాగున్నవాళ్ల మాటే కదా ఖాయం." గ్లాసు కింద పెట్టాడు. "కొద్దికొద్దిగా నాకు తెలుస్తూనే ఉంది. బయటికొచ్చి తాళం వేశానా లేదా అని మళ్లీ వెనక్కి పోతున్నాను. నిన్న మూడుసార్లు పోయాను."

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి వరండా లైటు స్విచ్ నొక్కాడు. ఆర్పాడు. మళ్లీ నొక్కి, మళ్లీ ఆర్పి, నావైపు చూశాడు.

"ఆర్పాను కదా?"

"ఆర్పావన్నా," అన్నాను.

మే 5, సోమవారం

రాయడానికేమీ లేదు.

మే 12, సోమవారం

అన్న భార్య ఫోన్ చేసింది. ఇరుగుపొరుగు వాళ్లు ఫ్యాను బాగుచేయమని పిలిచినా వెళ్లడం లేదట. తీగ ముట్టుకుంటే ఎవరో ఒకరు చస్తారంటున్నాడట.

"మొన్న విచారణ ఆఫీసుకి పోయి తనే రాసిచ్చాడమ్మా. మేడమ్‌కి నేను చెప్పలేదు, చెప్పాననుకున్నాను, తప్పంతా నాదే అని. నీ పేరుకి మచ్చ రాకూడదని అది కూడా విడిగా రాయించాడు. సంతకం పెట్టొచ్చాక కాస్త అన్నం తిన్నాడు. నువ్వొకసారి మాట్లాడమ్మా. నీ మాటంటే గురి ఆయనకి."

మాట్లాడతాను వదినా, అన్నాను.

మే 13, మంగళవారం

రబ్బరు బ్యాండు తీశాను. వెతకలేదు. ఏ పేజీలో ఉందో నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ వరండా, పాప నుదురు, అన్న గొంతు, వెనకాల నర్సు పేరు పిలవడం, ఒక్కటీ మర్చిపోలేదు. ఆ గదిలో కళ్లద్దాలు తుడుచుకుంటూ విచారణాధికారి అడిగినప్పుడు కూడా నా చెవిలో అన్న గొంతే ఉంది.

పాప ట్యూషన్‌కి వెళ్లాక నోట్‌బుక్ మా ఆయన ఒళ్లో పెట్టాను. మొత్తం చదివారు. చాలాసేపు పట్టింది.

"మనకి ఇంకో దారి లేదని..." అన్నాను.

"మనకి అనకు."

"మీ మందులు, పాప చదువు..."

"వినపడలేదా? నా పేరు దీంట్లో పెట్టకు. పాప పేరు పెట్టకు. ఈ కుర్చీని అడ్డం పెట్టుకుని నువ్వు దాక్కున్నావు. నీకు భయమేసింది, అంతే. భయమేసిందని చెప్పు, వింటాను."

రెండేళ్లలో ఆయన గొంతు అంత గట్టిగా వినలేదు.

"భయమేసింది," అన్నాను.

ఆయన నోట్‌బుక్ మూసి నా చేతికిచ్చారు. దగ్గరికి తీసుకుంటారేమో అనుకున్నాను. కిటికీవైపు కుర్చీ తిప్పుకున్నారు.

మే 15, గురువారం

మార్చి 14 పేజీ, మార్చి 31 పేజీ కాపీలు తీయించి విచారణాధికారికి ఇచ్చాను. లైను తిప్పమన్నది నేను. పేరు మార్చనిది నేను. చూడకుండా ఇరవై నాలుగు టిక్కులు పెట్టింది నేను. చెబుతుంటే ఆయన కళ్లద్దాలు తుడవడం మర్చిపోయాడు. హెడ్‌ని తెరమీదికి పిలిచారు.

"మీరు చాలా కలత చెంది ఉన్నారు," అన్నాడు హెడ్. "అతను తన తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాడు. మీ దగ్గరున్నది ఒక స్కూలు పుస్తకం. కొన్నాళ్లు సెలవు తీసుకోండి."

"సెలవు కాదండీ. నా మాట రాసుకోమంటున్నాను."

"దీనివల్ల ఎవరికి మేలు?"

అతని గొంతు ఎంత తేటగా వినిపించిందంటే, గుటక వేయడం కూడా తెలిసింది.

రాసుకునేదాకా లేవలేదు. రాసుకున్నారు. సాయంత్రం గేటు దగ్గర నా గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. అక్కడి నుంచి పోలీసు స్టేషన్‌కి వెళ్లి అదే ఇచ్చాను. అన్న మీది కేసు ఇప్పుడే పోదట. రెండు వాంగ్మూలాలూ కోర్టు చూస్తుందట. నన్ను పిలిచినప్పుడు రమ్మన్నారు.

మే 17, శనివారం

ఐసు మామ భార్య దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"పదకొండు నిమిషాలంటున్నారు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉందంట. ఆయన ఎందుకు బయటికి రాలేదమ్మా?"

ఫోను పట్టుకుని నిలబడితే వాళ్లే వస్తారని నేను చెప్పాను. ఆ మాట ఆవిడకి చెప్పాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ రాలేదు. అరగంట ఉండి వచ్చేశాను.

మే 18, ఆదివారం

అన్న ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు. కూర్చోకుండానే చెప్పాను.

నవ్వాడు. "మా ఆవిడ నీకు ఫోన్ చేసిందా? నన్ను ఊరడించడానికి చెబుతున్నావు చెల్లెమ్మా. వద్దు. నాకిప్పుడు ప్రశాంతంగానే ఉంది."

"ఊరడింపు కాదన్నా. నువ్వు చెప్పావు. నేను తిప్పమన్నాను."

"నువ్వే గుర్తులేదన్నావుగా."

పేజీ కాపీ చేతికిచ్చాను. జేబులోంచి కళ్లద్దాలు తీసి, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. నిచ్చెన దగ్గర తల ఊపాడు. తీగ దగ్గర ఊపాడు. మూడో దాని దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇది ఎప్పుడు రాశావు?"

"ఆ రోజే. ఆసుపత్రి నుంచి వచ్చాక."

"ఆ రోజే." కాగితం వైపే చూస్తున్నాడు. "నేను మీ ఇంటికొచ్చినప్పుడు ఈ పుస్తకం ఎక్కడుంది?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

"మనం కూర్చున్న గదిలో. టీవీ కింద అరలో."

అతను ఆ గదిని ఊహించుకుంటున్నాడని తెలిసింది. తను కూర్చున్న చోటు, టీవీ, మధ్యలో ఉన్న దూరం. చెయ్యి చాస్తే అందేంత దూరం.

"మా నాన్నలాగ అయిపోతున్నానని," అన్నాడు, "మా ఆవిడ చేత తాళాలన్నీ దాచిపెట్టించాను. నిన్న పెద్దాసుపత్రికి పోయి తలకి పరీక్ష రాయించుకున్నాను."

"అన్నా..."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. కోపంతో కొడతాడేమో అనిపించింది. కొడితే బాగుండునని కూడా అనిపించింది. అతను కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, లేచి నిలబడి, మెట్ల మీంచి పక్కకి తప్పుకున్నాడు. నేను దిగి వెళ్లడానికి దారిచ్చాడు.

లోపల్నుంచి అతని భార్య కేకేసింది. "ఎవరొచ్చారు?"

"ఆఫీసు మేడమ్ గారు," అన్నాడు. "వెళ్తున్నారు."